ప్రభారాశి అంటే సూర్యుడేనా?

పద్యప్రియ: నాలుగో తరగతి పిల్లలకు ఆకాశంలో దూరాల పాఠం చెప్పడానికి పోతన భాగవతంలో వామనుడు ఆకాశమంతా పెరిగే శార్దూల పద్యం అనుకుంటున్నాను. "తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై నంతై చంద్రుని కంతయై"... తర్వాత ధ్రువుడా, మహర్వాటా (మహర్లోకం)? అసలు చిక్కు ప్రభారాశి. సూర్యుడే అయితే చంద్రుడికన్నా దగ్గరైపోతాడు.

శార్దూలి: ధ్రువుడే ముందు. ప్రభారాశి సూర్యుడే. భాగవతం పంచమ స్కంధంలో చంద్రుడు సూర్యుడికి లక్ష యోజనాలు పైన ఉంటాడు కదా, పోతనది ఆ వరసే.

మూలాన్వేషి: అక్కడ సంస్కృత మూలం "అర్కగభస్తిభ్యః", సూర్యకిరణాలకు పైన అని. రాశి అంటే వెలుగుల పోగు, బింబం కాదు. బింబం కావాలంటే "రవిబింబంబు" అంటాడు, తర్వాతి పద్యం చూడండి. పైగా చంద్రుడికి "పై నంతై" అనకుండా "కంతయై" అన్నాడు. అంటే చంద్రుడి దాకానే.

శార్దూలి: అది అర్థం కోసం కాదండీ, గణం కోసం. నంతైచం, ద్రునికం, తయైధ్రు: శార్దూలంలో మొదట రావాల్సిన మ, స, జ గణాలు. "చంద్రునిపై నంతై" అంటే జగణం ఉండాల్సిన చోట తగణం పడుతుంది.

మూలాన్వేషి: గణం కోసం అర్థాన్ని వదులుకునే కవి కాడు పోతన.

తారాపథం: వరస పద్యంతో తేల్చకండి. సూర్యగ్రహణంలో చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడు, కాబట్టి చంద్రుడే దగ్గర. ఇది పిల్లలకు ఇట్టే అందుతుంది. చంద్రుడు సగటున 3,84,400 కి.మీ., సూర్యుడు 15 కోట్ల కి.మీ. దూరం దాదాపు 400 రెట్లు, వెడల్పూ అంతే, అందుకే ఇద్దరూ ఒకే సైజులో కనిపిస్తారు. సైజును బట్టి దూరం చెప్పబోయి పిల్లలు తప్పేది ఇక్కడే.

కొలత చూపాలంటే బొటనవేలు చాలు. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, వేలిని దూరాన ఉన్న సెల్ టవర్‌కు సూటిగా పెట్టించండి. కన్ను మారిస్తే వేలు పక్కకు జరిగినట్టుంటుంది. మోచెయ్యి మడిచి దగ్గరకు తెస్తే ఇంకా ఎక్కువ జరుగుతుంది. తల కదిలినా, టవర్ బదులు దగ్గరి గోడను చూసినా తేడా సరిగ్గా తెలియదు. నక్షత్రాలకైతే కళ్ళ మధ్య ఎడం చాలదు. ఆరు నెలల తేడాతో భూమి ఉండే రెండు చోట్ల నుంచి చూస్తారు, వాటి మధ్య 30 కోట్ల కి.మీ. 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ 61 సిగ్ని అనే నక్షత్రం దూరాన్ని ఇలాగే లెక్కకట్టాడు. ధ్రువుడు 400 కాంతి సంవత్సరాల పైమాటే, ఆ జరుగుడు మామూలు కంటికి అందదు. ఈ వయసుకు కోణాలు వద్దు. ఎక్కువ జరిగితే దగ్గర, తక్కువ జరిగితే దూరం.

పద్యప్రియ: అయితే పద్యం పక్కన పెట్టాలా?

తారాపథం: వద్దు, తర్వాతి మత్తేభ పద్యం తీసుకోండి. రవి ఉన్నచోటే ఉంటాడు. పెరిగే వామనుడికి గొడుగై, శిరోరత్నమై, చెవి నగై, చివరికి పాదపీఠమవుతాడు. కదలని గుర్తును పెట్టుకుని ఎత్తు చెప్పడం ఎంత గొప్ప ఊహ!

శార్దూలి: అదే నా సాక్ష్యం. రవి పాదపీఠం కావాలంటే ఆయన్ను దాటాలి. దాటిన మాట మొదటి పద్యంలో "ప్రభారాశిపై" అని ఉండనే ఉంది.

మూలాన్వేషి: రవిని రెండో పద్యానికని అట్టేపెట్టుకున్నాడు కనకే మొదటిదాంట్లో ఆ పేరు ఎత్తలేదు.