బ్రాడ్‌మూర్ ఈస్ట్ గోల్ఫ్ కోర్సులో కొండ వైపు చూసి పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) చేయాలంటారు, నిజమేనా?

ప్రశ్న (డాలస్ నుంచి): జులైలో కుటుంబంతో కొలరాడో స్ప్రింగ్స్ వెళ్లి బ్రాడ్‌మూర్ రిసార్టులో మూడు రోజులు ఉండబోతున్నాము. అందులో ఒక పూట ఈస్ట్ కోర్సులో ఆడుకోవడానికి ఇంట్లో అనుమతి దొరికింది. నా హ్యాండిక్యాప్ 18, అంటే మామూలు స్థాయి ఆటగాణ్ణి. సముద్ర మట్టానికి 6,000 అడుగులకు పైన ఎన్నడూ ఆడలేదు కాబట్టి, క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) ఎంపికలోను, గ్రీన్ల (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద వాలు అంచనా వేయడంలోను ఏం జాగ్రత్త తీసుకోవాలో ఆడినవారు చెప్పగలరు.

జవాబు 1 (డెన్వర్ నుంచి): అక్కడ గాలి పలచన కాబట్టి బంతికి అడ్డు తగ్గి, సుమారు పది శాతం దూరం ఎక్కువ వెళ్తుంది. మీరు 150 గజాలు కొట్టే ఐరన్ క్లబ్బుతో 165 వస్తుందని లెక్క వేసుకోండి. ఇది అందరూ చెప్పేదే. అయితే అదే పలచని గాలి బంతిని పైకి లేపే బలాన్నీ తగ్గిస్తుంది. అందువల్ల బంతి అలవాటైనంత నిటారుగా దిగక, గ్రీన్ మీద పడ్డాక ఇంకాస్త దొర్లుతుందని మరిచిపోకండి. జులైలో మధ్యాహ్నం తరువాత పిడుగుల వాన తరచుగా వస్తుంది. 2011 యు.ఎస్. ఉమెన్స్ ఓపెన్ ఇక్కడే వానల వల్ల సోమవారం దాకా సాగి, ప్లేఆఫ్‌లో (స్కోరు సమమైతే ఆడే అదనపు హోళ్లలో) సో యాన్ ర్యూ గెలిచింది.

జవాబు 2 (హైదరాబాదు నుంచి, రెండేళ్ల క్రితం ఆడాను): దూరం లెక్కకు అందుతుంది, గ్రీన్లు అందవు. షయన్ కొండ మీద 1937లో పూర్తయిన, అమెరికన్ హాస్యనటుడు విల్ రోజర్స్ స్మారక గోపురం ఉంది. పట్ దానికి దూరంగా వాలుతుందని కేడీలు (ఆటగాళ్ల క్లబ్బుల సంచి మోస్తూ సలహా ఇచ్చేవారు) చెబుతారు. కొండవాలు మొత్తం ఒకే వైపు దిగుతూ ఉండటం వల్ల, మన కంటికి ఎగువగా కనిపించేది నిజానికి దిగువ అయి ఉంటుంది. మొదటి తొమ్మిది హోళ్లలో నేను కళ్లనే నమ్మి మూడేసి పట్లు కొట్టాను. ఆ తరువాత కేడీ మాటకు తలవంచాను. 1918లో కోర్సుల రూపకర్త డొనాల్డ్ రాస్ వేసిన హోళ్లకు తరువాత మరో రూపకర్త రాబర్ట్ ట్రెంట్ జోన్స్ వేసినవి కలిపి నేటి ఈస్ట్ కోర్సు ఏర్పడింది; నా మట్టుకు రాస్ గ్రీన్లే ఎక్కువ మాయ చేశాయి. 1959 యు.ఎస్. అమెచ్యూర్ ఫైనల్లో 19 ఏళ్ల జాక్ నిక్లస్ చార్లీ కోను ఓడించింది ఇక్కడే, అదీ 36వ హోల్ మీద పట్ వేసి, ఒక్క హోల్ తేడాతో.

జవాబు 1 మళ్లీ: గోపురం నియమాన్ని గుడ్డిగా పట్టుకోకండి. పొట్టి పట్లలో గ్రీన్ సొంత మెరకలే ముందు పనిచేస్తాయి. నియమం ఉపయోగపడేది ఇరవై అడుగులు దాటాకే.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆట సమయాన్ని పొద్దున్నే ఉండేలా మార్చుకుని, కేడీని కూడా అడిగాను. గోపురానికి దారి జూ మీదుగానే వెళ్తుందట. పిల్లలు జిరాఫీలను చూస్తామని ముందే పట్టుబట్టారు. ముందురోజు వాళ్లతో పైకెక్కి, గ్రీన్లు అక్కడి నుంచి ఎటు వాలుతున్నాయో చూసి వస్తాను.