కాగితపు ట్రాక్టరు నమూనాకు వెనుక టైర్లు సహజంగా రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారం. 1:25 నిష్పత్తిలో ఒక ట్రాక్టరు నమూనాను పూర్తిగా కాగితంతోనే తయారుచేస్తున్నాను. బానెట్టు, మడ్‌గార్డులు తృప్తికరంగా వచ్చాయి గానీ వెనుక టైర్ల దగ్గర పని ఆగిపోయింది. అసలు టైరు సైజు 13.6-28. కాగితపు పట్టీ మీద అట్టముక్కలను అడ్డంగా అతికించి గుండ్రంగా చుట్టితే, అది టైరులా కాక గడియారంలోని పళ్లచక్రంలా కనిపిస్తోంది. పైగా చుట్టేటప్పుడు ముక్కలు ఊడిపోతున్నాయి. రబ్బరు వాడకుండా సరిదిద్దే మార్గం ఉంటే దయచేసి తెలియజేయండి.

సమాధానం 1:
ముందు కొలతలు చూడండి. 13.6 టైరు వెడల్పు, 28 రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. మీ నిష్పత్తిలో వెడల్పు సుమారు 14 మి.మీ., మొత్తం వ్యాసం సుమారు 52 మి.మీ. అవుతుంది. ఈ 52లో గట్ల (టైరు మీద ఎత్తుగా పొడుచుకొచ్చే పట్టీల) ఎత్తు కూడా కలిసే ఉంటుంది కనుక, గట్టు 1.5 మి.మీ. అనుకుంటే లోపలి చక్రాన్ని 49 మి.మీ.కే కోయాలి.

పట్టీని చుట్టడం మానేసి, 1 మి.మీ. అట్టతో 14 బిళ్లలు కోసి ఒకదానిపై ఒకటి అతికించండి. ఇరువైపులా చివరి రెండేసి బిళ్లలు క్రమంగా చిన్నవైతే, ఉప్పు కాగితంతో రుద్దినప్పుడు టైరు భుజాలు గుండ్రంగా తేలతాయి. రుద్దే ముందు అంచుకు పలుచగా సూపర్ గ్లూ పట్టిస్తే పీచు లేవదు. గట్లు అడ్డంగా కాక సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా, ఎడమ గట్ల సందుల్లోకి కుడి గట్లు వచ్చేలా ఉండాలి. వాటి బయటి కొసలు భుజం మీదుగా పక్కకు కొద్దిగా దిగాలి. ఈ దిగుడు లేనందువల్లే చాలా నమూనాల్లో టైరు పళ్లచక్రంలా కనిపిస్తుంది.

సమాధానం 2:
పై సలహా మంచిదే గానీ, రెండు టైర్లకు 28 బిళ్లలు కోసేసరికి వేళ్లు నొప్పెడతాయి. పట్టీతోనూ పని జరుగుతుంది. కాగితం పీచు ఇరుసుకు సమాంతరంగా ఉండేలా పట్టీ కోస్తే అది ముడత లేకుండా వంగుతుంది. చదునుగా ఉన్నప్పుడు గట్ల స్థానాలు గీసుకుని, చుట్టి ఆరబెట్టిన తరువాతే ముక్కలు అతికించండి. పట్టీ వంగినా మందమైన అట్టముక్క అడుగుభాగం వంగదు; మీ ముక్కలు ఊడిపోవడానికి కారణం అదే.

సమాధానం 3:
రంగు విషయం ఒక్కటి చెబుతాను. నల్లరంగు నేరుగా వేస్తే బొమ్మ టైరులా మెరుస్తుంది. ముదురు బూడిదరంగును పలుచని పొరలుగా వేసి, గట్ల సందుల్లో మట్టిరంగు పొడి అద్దండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. బిళ్లల పద్ధతిలోనే చేశాను. అయితే రెండు చక్రాలనూ ఒకేలా చేసి రిమ్ములు అతికించాక, ఒక చక్రంపై ఏటవాలు గట్లు కలిసి ఏర్పడే బాణం ఆకారం దిశ తిరగబడింది. వెనుక నుంచి చూస్తే బాణం మొన పైకి ఉండాలట. రెండో రిమ్మును ఊడదీసి అవతలి ముఖాన అతికిస్తున్నాను.