నవల రాయాలంటే ఒంటరిగానే ఉండాలా?

నమస్తే అందరికీ. నాకిది రెండో నవల. మాది అనంతపురం పక్కన పల్లె. ఇంట్లో సందడికి రాయలేక, ఆరు నెలలు సెలవు పెట్టి కడప ఎర్రముక్కపల్లిలో మేడమీద గది తీసుకున్నా. మూడు నెలలైంది. మొదట్లో రోజుకు నాలుగు పేజీలు వచ్చేవి, ఇప్పుడు పొద్దున కూర్చుంటే ఎండ టేబుల్ మీదికొచ్చేదాకా ఒకే వాక్యం రాయడం, కొట్టేయడం, మళ్లీ అదే రాయడం. పాత్రలన్నీ నాలాగే మాట్లాడుతున్నాయి, చెనిక్కాయలు ఒలిచే కూలీ ముసలామెతో సహా. వారమంతా నేను మాట్లాడేది టీ కొట్టు ఆయనతోనే. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకా ఓపిక పట్టాలా, ఇంటికి పోవాలా?

జవాబు 1
అన్నా, నీ గదికి దగ్గర్లోనే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. తెలుగు కోసం పాటుపడిన ఇంగ్లీషు దొర బ్రౌన్ బంగళా ఉండిన చోటే అది. పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, వాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, ఒకే పద్యానికి వేర్వేరు ప్రతుల్లో ఉన్న పాఠాలు పోల్చి చూసిన మనిషి. 1829లో వేమన పద్యాలు అచ్చుకు తెచ్చింది ఆయనే. మాట కోసం మనుషుల దగ్గరికి పోవాల్సిందే. ఇంటికి పో.

జవాబు 2
నేను ఒప్పుకోను. గది వదలొద్దు. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' (2019 సాహిత్య అకాడమీ అవార్డు) 18వ శతాబ్దపు అనంతపురం సీమ కథ. అప్పటి మనుషులతో మాట్లాడే వీలే లేదు కదా. అలాంటిది రాయాలంటే ఏళ్ల తరబడి విన్న మాట లోపల ఉండాలి, దాన్ని బయటికి తీయడానికి తలుపేసుకునే చోటూ ఉండాలి. నేను కర్నూల్లో బడికి పోయే ముందు, తెల్లారుజామున నాలుగు నుంచి ఆరు దాకా రాసుకుంటా. మిగతా రోజంతా వింటా. నీకు రోజంతా గదే అయిపోయింది, నాకు తోస్తున్న కారణం అది.

అడిగినవారు
ఇద్దరికీ థాంక్స్. నిన్న రాత్రి ఊళ్లో మా పెద్దమ్మకి ఫోన్ చేసి ఆ ముసలామె సీను చదివి వినిపించా. గోళ్లతో కాయ చీల్చినట్టు రాశాను. "అట్ల ఒలిస్తే మధ్యాహ్నానికే వేళ్లు పోతాయి నాయనా, కాయ మూతి బండకేసి తడితే అదే నోరు తెరుస్తాది, గట్టిగా కొట్టినావా గింజ పొర లేస్తాది, విత్తనానికి పనికిరాదు" అంది. నలభై నిమిషాలు మాట్లాడింది, నేను రాసుకుంటూనే ఉన్నా. ఆ సీను ఈ పొద్దున మొదట్నుంచి రాశాను. గది ఉంచుకుంటున్నా, శని ఆదివారాలు మాత్రం ఊరికి.