దీపా ధన్‌రాజ్ డాక్యుమెంటరీలు: చూసినవారి, చూపించినవారి అనుభవాలు

ఓరుగల్లు అధ్యాపకురాలు: హైదరాబాదులో పుట్టి, బెంగళూరు కేంద్రంగా నాలుగు దశాబ్దాలకు పైగా డాక్యుమెంటరీలు తీస్తున్న దీపా ధన్‌రాజ్ గారి చిత్రాలను మా డిగ్రీ విద్యార్థినులకు చూపించాలని ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?

సంఘం కార్యకర్త: ‘ఇది కథ మాత్రమేనా’తో మొదలుపెట్టండి. 1980లో ఆమె మిత్రులతో కలిసి స్థాపించిన యుగాంతర్ బృందం, హైదరాబాదులోని ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా సంఘంతో కలిసి 1983లో తెలుగులో తీసిన చిన్న చిత్రమిది. నిజానికి ఇది డాక్యుమెంటరీ కాదు, కథాచిత్రం. అయినా కాపురంలో హింసను గురించి ఆడవాళ్ళు తమలో తాము చెప్పుకున్న మాటల్లోంచి పుట్టిందే. మా సంఘంలో ప్రదర్శన ముగియగానే ఒక పెద్దావిడ, “ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిపోవచ్చు కదా” అన్నారు. వెంటనే పక్కనున్నామె, “వెళితే వాళ్ళు ఉండనిస్తారా అక్కా?” అని అడిగింది. అక్కడి నుంచి చర్చ చిత్రాన్ని దాటి మా వీధిలోకి వచ్చింది. అందుకే వీటిని ఒంటరిగా చూడటం కంటే నలుగురూ కూర్చుని చూసి, మాట్లాడుకోవడానికి సమయం ఉంచుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

పాత రీళ్ళ అభిమాని: పుణే పనిమనుషుల గురించిన ‘మోల్కరీన్’, కర్ణాటకలోని నిపాణి పొగాకు కార్మికుల గురించిన చిత్రం కూడా ఆ బృందానివే. శ్రామిక స్త్రీలు సంఘం కట్టుకున్న తీరును వారి నోటనే వింటాం. యుగాంతర్ చిత్రాలను బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ పునరుద్ధరించింది.

ఆరోగ్య కార్యకర్త: నన్ను కదిలించింది 1991 నాటి ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’. కుటుంబ నియంత్రణ (కు.ని.) శిబిరంలో వరుసగా పడుకోబెట్టిన స్త్రీలకు ఎంత వేగంగా ఆపరేషన్లు చేస్తాడో వైద్యుడు గర్వంగా చెబుతుంటే, మరోచోట గ్రామీణ స్త్రీలు గుండ్రంగా కూర్చుని తమ శరీరం గురించి, కోరికల గురించి తడుముకోకుండా మాట్లాడుకుంటారు. లక్ష్యాల లెక్కల్లో మనిషి ఎలా మాయమవుతుందో ఆ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి ఆమె చూపించారు. శిబిరాల్లో పనిచేసిన నాకు ఆ బల్లలు, ఆ హడావుడి కొత్తవి కావు. ఆ స్త్రీల మాటలు మాత్రం శిబిరంలో ఎవరూ అడగనివి.

పాతబస్తీ వాసి: హైదరాబాదు విద్యార్థులైతే ‘క్యా హువా ఇస్ షహర్ కో’ (1986) తప్పక చూడాలి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని పడగొట్టిన రాజకీయాలను, అప్పటి మతకలహాలను, కర్ఫ్యూలో రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాల అవస్థను కలిపి చూపిన చిత్రమది. దాని తరువాత పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారి మీద తీసిన ‘ది అడ్వకేట్’ (2007) చూస్తే, మన రాష్ట్ర చరిత్ర మరో వైపు నుంచి అర్థమవుతుంది.

ఓరుగల్లు అధ్యాపకురాలు: అందరికీ ధన్యవాదాలు. ముందుగా తెలుగు చిత్రమే వేస్తాను. చర్చకు ఒక పూట పూర్తిగా కేటాయిస్తాను.