సీపీఆర్ సర్టిఫికెట్‌కి రాతపరీక్ష చాలా, బొమ్మ మీద చేసి చూపించాల్సిందేనా?

కాలనీ_కార్యదర్శి: మాది కొంపల్లి వైపు గేటెడ్ కమ్యూనిటీ. ఈమధ్యే ఏఈడీ (గుండె ఆగితే షాక్ ఇచ్చే) మెషీన్ కొన్నాం. సెక్యూరిటీ వాళ్లకి, జిమ్ ట్రైనర్‌కి, కొందరు వాలంటీర్లకి సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం), ఏఈడీ సర్టిఫికెట్ ఇప్పించాలని కమిటీ అనుకుంటోంది. ఒక ఏజెన్సీ వీడియో చూపించి, ఆన్‌లైన్‌లో 20 ప్రశ్నలు పెట్టి ఇచ్చేస్తుందట. ఇంకో ఏజెన్సీ మనిషి ఆకారంలో ఉండే బొమ్మ మీద చేయించి, పాసైన వాళ్లకే ఇస్తుంది. ఖర్చు మూడింతలు. ఏది మేలు?

ఐసీయూ_అక్క: మొదటిది అసలు లెక్కలోకే రాదండీ. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, 6 దాటకుండా అని ఎవరైనా టిక్ పెడతారు. అదే మనిషిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి నొక్కమనండి. మోచేతులు వంగిపోతాయి, కాసేపటికే భుజాలు లాగేస్తాయి, ఛాతీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ నొక్కేస్తారు. గుండెలో రక్తం నిండేది ఆ పైకి వచ్చేటప్పుడే. మా హాస్పిటల్ వాళ్లు రాసే బీఎల్ఎస్ అనే ప్రాణరక్షణ కోర్సులో 25 ప్రశ్నల పేపర్ ఉంటుంది, 84 శాతం రావాలి. అది వచ్చినా బొమ్మ మీద చేసి చూపించకపోతే కార్డు ఇవ్వరు.

పాస్‌వర్డ్_మర్చిపోయా: ఎల్ఎల్ఆర్ కంప్యూటర్ టెస్టు పాసైనవాడికి ఆర్టీసీ బస్సు అప్పగించినట్టుంది ఆ మొదటి ఏజెన్సీ 😀

లెక్కల_మాస్టారు: ముందు ఒక్కటి చెప్పండి. ఆ 20 ప్రశ్నల్లో 30:2 ఉందా? మా మనవరాలి కాలేజీ పరీక్షలో, రోడ్డు మీద పడిపోయిన మనిషికి ఏం చేయాలంటే ‘ఆపకుండా ఛాతీ నొక్కడం’ అని రాసింది. తప్పన్నారు. 30 సార్లు నొక్కి 2 సార్లు నోటితో ఊదాలట. మన దేశంలో మత్తు డాక్టర్ల సంఘం సామాన్యులకి నేర్పే ‘కాల్స్’ పద్ధతిలో ఊదడమే లేదు కదా!

ఐసీయూ_అక్క: రెండూ సరైనవే మాస్టారూ. శిక్షణ ఉండి, ఊదగలిగినవాళ్లు 30:2 చేస్తారు. మిగతావాళ్లు నొక్కితే చాలు. స్విమ్మింగ్ పూల్లో మునిగినవాళ్లకి మాత్రం ఊదడం కూడా ముఖ్యం.

లెక్కల_మాస్టారు: రెండు జవాబులూ ఒప్పైతే ఆ ప్రశ్నకి మార్కులు ఎలా వేస్తారు అమ్మాయ్?

ఐసీయూ_అక్క: అమ్మాయ్ అనకండి. నేను రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నాను.

కడప_కోడలు: బొమ్మ, బొమ్మ అంటున్నారు. మా మామయ్యగారు పెళ్లి భోజనాల దగ్గర పడిపోయారు. పక్కనే ఉన్న బంధువుకి సర్టిఫికెట్ ఉంది, జిమ్ బాడీ, బొమ్మ మీద భేషుగ్గా నొక్కాడట. మామయ్యగారికి గురకలా శబ్దం వస్తుంటే ‘ఊపిరి ఆడుతోంది, మొహాన నీళ్లు చల్లండి’ అన్నాడు. అది ఎగశ్వాస. గుండె ఆగిన కొత్తలో అలా వస్తుంది, దాన్ని ఊపిరి కింద లెక్కెయ్యకూడదు. 10 సెకన్లకు మించి చూడకుండా నొక్కడం మొదలెట్టాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఎవరూ ఛాతీ మీద చెయ్యి వెయ్యలేదు. బొమ్మ ఎగశ్వాస తీస్తుందా? ఇలాంటివి ప్రశ్నలు పెట్టే అడగాలి, వీలైతే వీడియో చూపించి మరీ.

ఇంకోటి. బొమ్మకి చీర ఉండదు, జాకెట్టు ఉండదు, పుస్తెలతాడు ఉండదు. ఆడమనిషి పడిపోతే ఏఈడీ ప్యాడ్ ఛాతీకి అంటించడానికి మగవాళ్లు జంకుతారు. బంగారం తీయక్కర్లేదు, ప్యాడ్ కిందకి రాకుండా పక్కకి జరిపితే చాలు. జాకెట్టు కత్తిరించడానికి కిట్‌లోనే కత్తెర ఉంటుంది. ఈ ముక్క ఏ ట్రైనింగ్‌లో చెప్పారో చెప్పండి.

గేటు_నంబర్_2: నేను సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. ఇంతకుముందు పనిచేసిన చోట ఇలాగే బొమ్మ పరీక్ష పెట్టారు. మా దగ్గర శ్రీకాకుళం పెద్దాయన ఒకాయన ఉండేవాడు, మోకాళ్ల నొప్పులు. రెండు నిమిషాలు ఆగకుండా నొక్కలేకపోయాడు. నెల తిరక్కుండానే అన్‌ఫిట్ అని పంపించేశారు. రాత్రి డ్యూటీలో ఆయన కునుకు తీయగా నేను చూడలేదు. 108కి ఫోన్ చేయడం, అంబులెన్స్‌ని సరైన బ్లాకుకి పంపడం, లిఫ్ట్ ఆపి పెట్టడం, ఇవి ఏ పరీక్షలో అడుగుతారు? ఏఈడీ మూత తీస్తే ఏం చేయాలో అదే చెబుతుంది. రాతపరీక్ష చాలు.

ఐసీయూ_అక్క: మెషీన్ చెబుతుంది, నిజమే. ఒక ప్యాడ్ కుడి కాలర్ బోన్ కింద, ఇంకోటి ఎడమ చంక కింద అంటించమని బొమ్మ కూడా గీసి ఉంటుంది. కానీ నొక్కాల్సింది మనిషే. షాక్ ఇచ్చాక అందరూ చేతులు తీసేసి ‘లేచాడా’ అని చూస్తూ నిలబడతారు. వెంటనే మళ్లీ నొక్కాలి. సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. చేతకాని మనిషికి జాలిపడి సర్టిఫికెట్ ఇస్తే ఎవరి ప్రాణం మీదకొస్తుంది?

గేటు_నంబర్_2: చేతకాని మనిషా? మేడమ్, మీ హాస్పిటల్లో కోడ్ బ్లూ (గుండె ఆగిందన్న పిలుపు) అనగానే పదిమంది పరిగెత్తుకొస్తారు. రెండు నిమిషాలకోసారి చెయ్యి మార్చుకుంటారు. మావాడు తెల్లవారుజామున గేటు దగ్గర ఒక్కడే. మీరు ఫెయిలైతే ఇంకో డేట్ ఇస్తారు, మావాడు ఫెయిలైతే నెల జీతం పోతుంది. ఈ కాగితం ప్రాణాలు కాపాడ్డానికా, మనుషుల్ని ఉద్యోగంలోంచి తీసేయడానికా?

పాస్‌వర్డ్_మర్చిపోయా: 2023లో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర కుప్పకూలిన మనిషిని ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి బతికించాడు. అప్పుడు ఎవరైనా సర్టిఫికెట్ అడిగారా?

ఐసీయూ_అక్క: మీ గొడవ ఉద్యోగం గురించా? అది ముందే చెప్పి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు. నేర్చుకోవడం అందరికీ పెట్టండి. మోకాళ్లు వంగని ఆయన ఫోన్ చేస్తాడు, మెషీన్ తెస్తాడు, ప్యాడ్ అంటిస్తాడు. ఎవరు పాసయ్యారో సెక్యూరిటీ ఏజెన్సీకి చెప్పకండి. కానీ నొక్కడం వచ్చని సంతకం పెట్టాలంటే మాత్రం నేను కళ్లారా చూడాల్సిందే. ఆ కార్డుకి రెండేళ్ల గడువున్నా, చెయ్యి మాత్రం కొన్ని నెలల్లోనే మర్చిపోతుంది. మధ్యలో మళ్లీ చేయించాలి.

గేటు_నంబర్_2: చెప్పకపోతే ఏజెన్సీ ఊరుకుంటుందా? కార్డున్న వాళ్లనే పంపమని కమిటీలే అడుగుతాయి. ఫెయిలైనా ఎవర్నీ తీసేయమని వీళ్ల కమిటీని కాగితం మీద రాసిమ్మనండి, అప్పుడు బొమ్మ పరీక్షకి నేనే మావాళ్లని తీసుకొస్తా.

లెక్కల_మాస్టారు: 30:2 సంగతి ఎవరూ తేల్చలేదు.

కడప_కోడలు: కార్యదర్శిగారూ, మెషీన్ ఏ భాషలో మాట్లాడుతుంది?

కాలనీ_కార్యదర్శి: ఇప్పుడే వెళ్లి చూశాను. ఇంగ్లీషు. క్లబ్‌హౌస్ ఆఫీసులో ఉంది, తాళం మేనేజర్ దగ్గర, ఆయన ఏడింటికే వెళ్లిపోతాడు.

గేటు_నంబర్_2: రాత్రి ఎవరైనా పడిపోతే తాళం పగలగొట్టమంటారా సార్? అది కూడా రాసివ్వండి.