చలికాలమంతా గ్యారేజ్‌లో పెట్టిన మస్టాంగ్ కారులో గ్యాస్ (పెట్రోల్) పాడవుతుందా?

నోవై_సీమబిడ్డ:
మాది మిషిగన్, నోవై. సెకండ్‌హ్యాండ్‌లో 2019 మస్టాంగ్ జీటీ కొన్నాను. పోయిన నవంబర్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలవగానే కవర్ కప్పి గ్యారేజ్‌లో పెట్టేశాను. అప్పటికి ట్యాంకులో పావు వంతే ఉంది, 93 ఆక్టేన్ (ఇంజిన్‌లో ముందే అంటుకుని కొట్టుకోకుండా తట్టుకునే శక్తికి కొలత). ఏప్రిల్‌లో తీస్తే ఒక్కసారికే స్టార్టయింది. దాని పక్కనే ఉన్న గడ్డి కోసే మెషిన్ మాత్రం తాడు లాగీ లాగీ భుజం పట్టేసినా పలకలేదు. కార్బ్యురేటర్ గిన్నె విప్పితే అడుగున తేనె రంగు జిగురు, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు వాసన. రెండింటిలోనూ ఒకే బంకు గ్యాస్! అప్పట్నుంచీ టెన్షన్. ఈసారి కారు ట్యాంకు నింపి పెట్టాలా, ఖాళీ చేసి పెట్టాలా? మా ఆవిడేమో "నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచు, మా నాన్న స్కూటర్‌కి అలాగే చేసేవారు" అంటోంది.

పాతకార్బ్_మినెసోటా:
తమ్ముడూ, ఆ మెషిన్ గిన్నెలో ఉండేది నాలుగు చెంచాల గ్యాస్, దానికి గాలి తగులుతూనే ఉంటుంది. ముందు బ్యూటేన్, పెంటేన్ లాంటి తేలికవి ఎగిరిపోతాయి. చలిలో ఇంజిన్ అంటుకునేది వాటితోనే. మిగిలిన దానికి ఆక్సిజన్ తగిలి జిగురు కడుతుంది. నీ కారులో ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా అంతా మూతే, గ్యాస్ ఆవిరి దాన్ని పీల్చుకునే బొగ్గు డబ్బాలోకి పోతుంది. పైగా చలికి ఈ పాడవడం నెమ్మదిస్తుంది. జనవరి గ్యారేజ్ కన్నా జూలై షెడ్డే గ్యాస్‌కి ఎక్కువ చేటు.

నా 1972 షెవెల్ కారుకి (దానికీ కార్బ్యురేటరే) మాత్రం ఏటా తిప్పలే. వసంతానికి గిన్నె ఎండిపోయి ఉంటుంది. అక్టోబర్‌లో పట్టించిన చలికాలపు గ్యాస్‌లో బ్యూటేన్ ఎక్కువ కదా, మే ఎండకి కార్బ్యురేటర్‌లోనే మరిగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగిపోతే వెనక హారన్లు, ఆ అవమానం పగవాడికి కూడా వద్దు.

నువ్వు చూసుకోవాల్సింది నీళ్లు. మనకొచ్చే గ్యాస్‌లో 10 శాతం ఇథనాల్, అది తేమను పీల్చుకుంటుంది. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరశాతం నీళ్ల వరకు కలుపుకుని ఉంటుంది, చలి పెరిగితే అంత కూడా ఆపలేదు. దాటిందా, ఇథనాలూ నీళ్లూ కలిసి అడుగుకి దిగుతాయి. పంపు పీల్చేదీ అడుగు నుంచే. పైన మిగిలిన గ్యాస్ ఆక్టేన్ రెండు మూడు పాయింట్లు పడిపోతుంది. నీ ఇంజిన్ కంప్రెషన్ 12:1, నాక్ సెన్సర్ (ఇంజిన్ కొట్టుకోవడాన్ని పసిగట్టేది) స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, బండి బద్ధకంగా అనిపిస్తుంది.

అందుకే నింపే పెట్టు, ఖాళీ చోటు తక్కువుంటే తేమా తక్కువే. ముందు స్టెబిలైజర్, అంటే గ్యాస్ పాడవకుండా కాపాడే మందు పోసి (స్టా-బిల్ అయితే రెండున్నర గ్యాలన్లకి ఒక ఔన్స్, నీ 16 గ్యాలన్లకి ఆరున్నర), తర్వాత గ్యాస్ పట్టించు. మొదటి క్లిక్‌కే ఆపు, ఇంకాస్త అని నొక్కితే ఆ బొగ్గు డబ్బా తడిసి పాడవుతుంది. పావుగంట తిప్పి ఇంటికి తీసుకురా, మందు ఇంజెక్టర్ల దాకా చేరాలి. పాడైపోయిన గ్యాస్‌ని మాత్రం అది బాగుచేయదు.

మరదలి మాట ఈ ఒక్క విషయంలో వినకు. గ్యాస్ మండితే నీళ్లు పుడతాయి. పది నిమిషాలకి ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, ఆ నీళ్లు ఆయిల్‌లో, సైలెన్సర్‌లో ఉండిపోతాయి. బ్యాటరీకి టెండర్ (నిదానంగా ఛార్జ్ చేస్తూ ఉండే ఛార్జర్) తగిలించి వదిలెయ్.

ఈ85_పిచ్చోడు:
ఈ85కి (పేరుకి 85 శాతం ఇథనాల్ ఉండే గ్యాస్) ట్యూన్ చేయించినవాళ్లకి ఒక మాట. చలికాలం బంకులో పోసేదాంట్లో ఇథనాల్ 51 శాతానికి కూడా దిగొచ్చు. ఏప్రిల్‌లో టెస్టర్ గొట్టంలో పోసి ఇథనాల్ ఎంతుందో చూడకుండా గట్టిగా తొక్కకండి. నేను తొక్కాను.

నోవై_సీమబిడ్డ:
థాంక్స్ అన్నా. గడ్డి మెషిన్‌ని నిన్న గ్యాస్ అయిపోయి దానంతటదే ఆగేదాకా నడిపాను. కారు శనివారం. స్కూటర్ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నా.