షిఫ్టులు మారే యౌవనస్థులకు వాక్యధ్యానం ఏ వేళకు పెట్టాలి?

అందరికీ వందనాలు. తిరుపతిలో ఉంటూ రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే మా సంఘం యౌవనస్థుల కోసం అడుగుతున్నాను.

బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుందన్న లెక్కలో తప్పేం లేదు. కానీ నిర్గమకాండము 25లో ప్రత్యక్షగుడారపు కొలతలు మొదలవగానే చాలామంది నెమ్మదిస్తారు, లేవీయకాండములో ఆగిపోతారు. రెండు రోజులు తప్పితే ఆరు అధ్యాయాల బాకీ. ఆ బాకీ చూసే మానేస్తారు! అందుకే కొత్త నిబంధన ఒక్కటే పెట్టాం: 260 అధ్యాయాలు, వారానికి ఐదు రోజులు, రోజుకొకటి, సరిగ్గా 52 వారాలు. మిగతా రెండు రోజులు తప్పినవి చదువుకోవడానికి. చేతిలో పుస్తకమే ఉండాలి. కంపెనీ బస్సులో ఫోన్ తప్పదనుకుంటే ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్.

చిక్కంతా వేళ దగ్గరే. ‘తెల్లవారుజామున ఐదింటికి’ అన్న నియమం నైట్ షిఫ్టు వాళ్లకు పనికిరాదు. ‘నిద్ర లేచాక, ఫోన్ పట్టకముందు’ అంటే కొంత నయం, కానీ షిఫ్టు మారిన మొదటి రెండు రోజులు అదీ తప్పుతోంది.

ఆ రోజులకు 119వ కీర్తనలో ఎనిమిది వచనాల భాగం ఒక్కటి చాలా (మొత్తం 22 ఉన్నాయి), లేక ఆడియో మేలా? విన్నది మనసులో నిలవడానికి ఏం చేయిస్తున్నారు? ఆదివారం ఆరాధన షిఫ్టులో పోయేవాళ్లకు మీ సంఘాల్లో వారం మధ్య కూడిక ఏ రోజు, ఎంతసేపు పెడుతున్నారు?